మయొనీస్ లేని కోల్‌స్లా: ఎనిమిది గిన్నెలు, ఒక అత్తయ్య

పోయినేడు జులై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం రోజున, ఏం జరిగిందో ముందు చెప్తే గానీ ఈ గిన్నెల గొడవంతా ఎందుకో మీకు అర్థం కాదు.

మేం ఉండేది నార్త్ కరొలైనాలో, కేరీలో. మా వీధిలో ఏటా ఆ రోజు అందరూ కలిసి గ్రిల్ పెట్టుకుంటారు. ఇంటికో వంటకం పంచుతారు. మాకు మూడేళ్లుగా కోల్‌స్లానే పడుతోంది, అంటే పచ్చి క్యాబేజీ సలాడ్. క్యాబేజీ తరగడం, సీసాలోని మయొనీస్ తీసి కలపడం, అంతే కదా అని నేనూ నోరెత్తలేదు. పోయినేడు మా అత్తయ్యగారు బాపట్ల నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ గుడ్డు ముట్టరు. కేకు కొన్నా డబ్బా వెనక చదివించుకుని గానీ నోట్లో పెట్టరు. అలాంటి మనిషి నా కోల్‌స్లా రెండు చెంచాలు తిని, "బావుందే అమ్మాయ్, పెరుగు పచ్చడిలో కాస్త చక్కెర తగిలించినట్టుంది" అన్నారు. నేను పొంగిపోయాను. అంతలో మా పెద్దవాడు, పదకొండేళ్ల వెధవ, చేతిలో హాట్‌డాగ్ పట్టుకుని వచ్చి, "నానమ్మా, మయోలో ఎగ్ ఉంటుంది, తెలుసా?" అన్నాడు.

అత్తయ్య ప్లేటు కింద పెట్టేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్లి తలారా స్నానం చేసి వచ్చి, ఆ రాత్రి మజ్జిగన్నం కూడా వద్దన్నారు. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా నిద్రపట్టేది.

తప్పు నాదే. మయొనీస్‌లో గుడ్డు ఉంటుందని తెలియక కాదు, ఆ క్షణానికి తట్టలేదు. తెల్లగా, నున్నగా, మీగడలా ఉండేసరికి మన బుర్ర దాన్ని పాల సామాను పక్కన పెట్టేస్తుంది. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం మయొనీస్ అన్న పేరు పెట్టాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె ఉండాలి, గుడ్డు సొన ఉండి తీరాలి. పాలచుక్క అక్కర్లేదు. అంటే నూనెనీ, పుల్లటి నీళ్లనీ గుడ్డు సొన కలిపి పట్టుకుంటుంది, అదీ దాని మొత్తం కథ. ఇక్కడింకో బోనుంది. షాపులో దాని పక్కనే మిరకిల్ విప్ అని ఉంటుంది. 1933 చికాగో ప్రపంచ ప్రదర్శన నాటి సరుకు. సీసా మీద మయొనీస్ అని ఉండదు, డ్రెస్సింగ్ (సలాడ్‌లో కలిపేది) అని ఉంటుంది. అది చూసి గుడ్డు లేదనుకుంటారు కొందరు. నూనె తక్కువ కాబట్టి ఆ పేరు పెట్టుకోలేదు గానీ గుడ్డు అందులోనూ ఉంది.

సరే, ఈ ఏడు ఏప్రిల్‌లో అత్తయ్య మళ్లీ వచ్చారు. ఈసారి జులై 4 లోపల గుడ్డు లేని కోల్‌స్లా ఒకటి తేల్చాలని పట్టుపట్టాను. అప్పట్నుంచి జూన్ ఆఖరు దాకా మా ఇంట్లో వారానికో క్యాబేజీ గడ్డ తెగింది. ఎనిమిది రకాలు చేశాను. రుచి చూసింది అత్తయ్య, మా ఆయన, పిల్లలిద్దరు, ఇంకా పక్కింటి పెద్దావిడ. ఈ పెద్దావిడ పుట్టింది, పెరిగింది కరొలైనాలోనే. ఆవిడకి మయొనీస్ అంటే డ్యూక్స్ ఒక్కటే. 1917లో యూజీనియా డ్యూక్ అనే ఆవిడ సౌత్ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో, దగ్గర్లో ఉన్న సైనిక శిబిరం కుర్రాళ్లకి శాండ్‌విచ్‌లు అమ్ముతూ మొదలుపెట్టిందట. చక్కెర వెయ్యరు. మన ఇళ్లల్లో ఫలానా ఊరి ఆవకాయ తప్ప ఇంకోటి ఆవకాయే కాదు అనేవాళ్లుంటారే, డ్యూక్స్ విషయంలో ఇక్కడి పాతవాళ్లు అలాంటివాళ్లు. అందుకే ఆవిణ్ణి పిలిచాను. మొహమాటానికి బావుందనే మనిషి కాదు.

గిన్నెల దగ్గరికి పోయేముందు క్యాబేజీ సంగతి చెప్పాలి, ఎందుకంటే మొదటి మూడు వారాలు నేను డ్రెస్సింగ్‌ని తిట్టుకున్నాను, నిజానికి తప్పు క్యాబేజీది. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్ల పైన నీళ్లే. సన్నగా తరిగి ఉప్పు తగిలిన ఏదో ఒకటి కలిపితే ఆ నీరంతా బయటికొస్తుంది. మయొనీస్ అయితే అంత నూనె ఉంది కాబట్టి ముక్కకి అంటుకుని కొంతసేపైనా ఆగుతుంది. పెరుగు వేస్తే గంటలో గిన్నె అడుగున మజ్జిగ తేలుతుంది. మన వాళ్లు కాకరకాయకి, దొండకాయకి ఉప్పు రాసి పిండుతారు కదా. ఇక్కడా అదే పని. రెండు పౌన్ల గడ్డని సన్నగా తరిగి, టీస్పూనున్నర ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో గంటసేపు ఉంచాను. కింద పెట్టిన పళ్లెంలో అరకప్పుకి కాస్త తక్కువ నీళ్లు దిగాయి. తర్వాత ఒకసారి చన్నీళ్లలో జాడించి, పిడికిళ్లతో పిండి, బట్ట మీద ఆరబెట్టాను. ముక్క మెత్తబడిపోతుందేమో అనుకున్నా గానీ, వంగుతుంది తప్ప కరకర పోదు. ఇలా చేశాక డ్రెస్సింగ్‌లో ఉప్పు వెయ్యక్కర్లేదు. ఇది మర్చిపోయి నేను ఒక గిన్నె మొత్తం పారేశాను.

సంచుల్లో తరిగి అమ్మే కోల్‌స్లా మిక్స్ కూడా వాడి చూశాను. పని తక్కువ, కాదనను. కానీ ముక్కలు లావు, చివర్లు ఎండి ఉంటాయి, తీపి చచ్చిపోయి ఉంటుంది. గడ్డ కొనుక్కోండి.

పరీక్ష పద్ధతి కూడా చెప్తాను. కలిపిన వెంటనే ఒక చెంచా. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాక ఇంకో చెంచా. ఆఖరిది బన్ను పరీక్ష. కరొలైనాలో కోల్‌స్లా పక్కన పెట్టుకుని తినేది మాత్రమే కాదు, హాట్‌డాగ్ మీద, బార్బెక్యూ (నిప్పుల మీద నిదానంగా కాల్చిన పంది మాంసం) శాండ్‌విచ్ లోపల వేసేది. అందుకని బన్ను చీల్చి, మధ్యలో గుప్పెడు కోల్‌స్లా పెట్టి, పది నిమిషాలు వదిలేసేదాన్ని. పది నిమిషాల తర్వాత బన్ను చేత్తో ఎత్తగలిగితే పాసు. చేతిలో చిరిగిపోతే ఫెయిలు.

మొదటి గిన్నె అందరికీ ముందు తట్టేదే, షాపులో దొరికే వీగన్ మయో, అంటే గుడ్డూ పాలూ ఏవీ లేని మయొనీస్. రెండు కంపెనీలవి తెచ్చాను, పేర్లెందుకు లెండి. నూనె, నీళ్లు, బఠాణీ ప్రొటీనో సోయా ప్రొటీనో, పిండి, వెనిగర్, చక్కెర. ఇందులో ఒకటి మూత తీయగానే పచ్చి బఠాణీ వాసన కొట్టింది. రెండోది మాత్రం కళ్లు మూసుకుని తింటే మయొనీస్ కాదని నేను చెప్పలేను. బన్ను పరీక్ష చక్కగా పాసైంది. పెద్దావిడ మాత్రం ఒక్క చెంచాకే "స్వీట్" అని పక్కన పెట్టేసింది. నిజమే, చక్కెర కాస్త ముందుకొస్తుంది. నిమ్మరసం, మిరియాలు ఎక్కువ వేసుకుంటే సర్దుకుంటుంది. పిల్లలు దీనికే ఓటేశారు. మీకు టైం లేదు, గుడ్డు వద్దు, పిల్లలు మారాం చెయ్యకూడదు అంటే ఇదే కొనుక్కుని ఈ రివ్యూ ఇక్కడితో ఆపెయ్యొచ్చు. నాకు మాత్రం తృప్తి అనిపించలేదు. సీసాలోది తీసి సీసాలోది పెట్టడానికి ఇంత హడావుడి ఎందుకు?

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లితో ఫోనులో ఈ మాటంటే నవ్వింది. అక్కడ 2024 అక్టోబరు 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసే మయొనీస్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది కదా, అప్పట్నుంచి వాళ్ల కాలనీలో మోమోల బండి దగ్గరా, షావర్మా దగ్గరా, మండీ హోటల్లోనూ అందరూ ఎగ్‌లెస్ బోర్డే పెట్టారట. "నువ్వు అమెరికాలో కూర్చుని రిసెర్చి చేస్తున్నావు, ఇక్కడ బండివాడు ఎప్పుడో తేల్చేశాడే అక్కా" అంది. కేరళ అయితే 2023 జనవరిలోనే ఆపింది, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో. వాళ్ల బాధ వేరు. అప్పటికప్పుడు పచ్చి గుడ్లు కొట్టి, మిక్సీలో తిప్పి, ఎండలో బండి మీద పెట్టే మయొనీస్‌తో వచ్చే జబ్బుల బాధ అది. ఇక్కడ సీసాల్లో వచ్చేది పాశ్చరైజ్ చేసిన గుడ్డు. నా బాధ రోగం కాదు, అత్తయ్య.

రెండోది గ్రీక్ యోగర్ట్, అంటే నీరు వడకట్టిన చిక్కటి పెరుగు. ఎవరినడిగినా ఇదే చెప్తారు. "మయోకి బదులు గ్రీక్ యోగర్ట్ వెయ్యి, ప్రొటీన్ కూడా వస్తుంది" అని. కొవ్వు తీసేసిన రకంతో మొదట చేశాను. దారుణం. నాలిక మీద సుద్ద రాసినట్టు. పులుపుంది, కమ్మదనం లేదు. నాలుగు గంటలకి అడుగున నీళ్లు, పైన తెల్లటి పెళ్లలు. రెండోసారి పూర్తి కొవ్వున్నది తెచ్చాను. అది నయం. కానీ అత్తయ్య చెంచా నోట్లో పెట్టుకుని, "పెరుగు పచ్చడేనే ఇది, పోపు మర్చిపోయావు" అన్నారు. ఆ మాటతో నాకు సమస్య ఎక్కడుందో తెలిసింది. ఉత్త పెరుగుతో కోల్‌స్లా చేస్తే మన నోటికి అది సగం చేసిన పెరుగు పచ్చడిలాగే తగులుతుంది. దాన్ని అటో ఇటో తేల్చాలి.

సోర్ క్రీమ్, అంటే పులియబెట్టిన మీగడ, దాని గురించి ఎక్కువ చెప్పను. ఇందులో కనీసం 18 శాతం వెన్న ఉండాలని రూలు, కాబట్టి ముక్కకి బాగా అంటుకుంటుంది. మిగతా పాల సామాను కంటే ఇదే మయొనీస్‌కి దగ్గర. వెన్నలాంటి మృదుత్వం, చిన్న పులుపు, బన్ను పాసు. అయితే నాలుగు చెంచాలు తినేసరికి కడుపు నిండిపోతుంది, ఎండలో మరీ. శాకాహారులు డబ్బా వెనక తప్పకుండా చదవాలి. కొవ్వు తగ్గించిన రకాల్లో కొన్నిట్లో చిక్కదనానికి జెలటిన్ కలుపుతారు. గుడ్డు తప్పించుకోబోయి ఎముకల జిగురులో పడ్డట్టవుతుంది. నేను తెచ్చిన మొదటి డబ్బాలో అదే ఉంది. ఈసారి మా పెద్దవాడి కంటే ముందే నేను చదివాను లెండి. ఆ డబ్బా మా ఆయన నాచోస్‌కి పనికొచ్చింది.

అవకాడో చేసిన రోజు పిల్లలు గిన్నె చూసి పారిపోయారు. కలిపిన వెంటనే లేత పచ్చగా ముద్దొచ్చింది, రుచీ బావుంది, నిమ్మకాయ బాగా పిండాను కూడా. సాయంత్రానికి చెరువు పాచి రంగుకి తిరిగింది. ఇంటికి ముగ్గురొచ్చినప్పుడు అప్పటికప్పుడు కలిపి పెట్టడానికైతే సరే. పొద్దున చేసి మధ్యాహ్నం పట్టుకెళ్లేదానికి పనికిరాదు.

నువ్వుల ముద్దతో చేసింది చెప్పేటప్పుడు మాత్రం కాస్త ఆగుతాను. తహీనీ అంటే పొట్టు తీసిన నువ్వుల ముద్ద, ఇక్కడ ఏ షాపులో అయినా దొరుకుతుంది. అందులో నిమ్మరసం పోసి కలపడం మొదలుపెట్టగానే గట్టిపడి సిమెంటులా బిగుసుకుంది. చెంచా తిరగలేదు. చెడిపోయిందనుకుని సింకు దాకా తీసుకెళ్లాను. పడేసే ముందు ఎందుకైనా మంచిదని రెండు చెంచాల చన్నీళ్లు పోశాను. ఇంకో రెండు. కలుపుతూ పోతే ఉన్నట్టుండి వదులై, తెల్లబడి, రిబ్బనులా జారింది. ముదురు గోధుమరంగు ముద్ద కళ్ల ముందే మీగడ రంగుకి తిరగడం చూసి నేను మా చిన్నదాన్ని పిలిచి చూపించాను. అందులో వెల్లుల్లి ఒక రెబ్బ, మిరియాలు, చిటికెడు చక్కెర. క్యాబేజీకి అంటుకోవడంలో మయొనీస్‌కి ఏమాత్రం తీసిపోదు, ఎందుకంటే ఇదీ నూనె సరుకే. బన్ను పాసు. నాలుగు గంటల తర్వాత ఇంకా బాగుంది. అత్తయ్యకి వెనకాల తగిలే చిరుచేదు నచ్చలేదు. "మన నువ్వులు దోరగా వేయించి నూరితే ఈ చేదుండదు" అన్నారు. పటేల్ బ్రదర్స్ అనే మన ఇండియన్ షాపు నుంచి తెచ్చిన తెల్ల నువ్వులు వేయించి మిక్సీలో వేశాను. కమ్మదనం వచ్చింది, నునుపు రాలేదు, ముక్కల మధ్య పలుకులు పలుకులుగా తగిలింది. అది కూరపొడి దారి పట్టింది, కోల్‌స్లా దారి కాదు.

ఇంత బాగుంటే ఇదే ఎందుకు తీసుకెళ్లలేదంటారా? నలుగురూ తినే చోట నువ్వులంటే ఇక్కడ ఆలోచించాలి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు కూడా లేబుల్ మీద రాయాల్సిన ముఖ్యమైన ఎలర్జీల జాబితాలో చేరాయి, తొమ్మిదోదిగా. మా వీధిలో ఒక పిల్లాడికి నువ్వులు పడవు. వేరుశనగ ముద్దతోనూ, నానబెట్టిన జీడిపప్పుతోనూ చెయ్యాలన్న ఆలోచన కూడా అక్కడే ఆగిపోయింది. ఇంట్లో మాత్రం నెలకి రెండుసార్లు తహీనీదే చేస్తున్నాను.

ఆరోది మా ఆయన పట్టుబట్టి చేయించింది, శనగల నీళ్ల మయొనీస్. కాబూలీ శనగలు ఉడికిన నీళ్లని గుడ్డు తెల్లసొనలాగా గిలక్కొట్టొచ్చని 2014లో జొయెల్ రోసెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు కనిపెట్టాడు. మరుసటి ఏడాది దానికి ఆక్వాఫాబా అన్న పేరొచ్చింది. మనం ఉలవకట్టుతో చారు పెట్టుకున్నాం గానీ గిలక్కొట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. మొదటిసారి ఇంట్లో ఉడికించిన శనగల నీళ్లు వాడాను. పావుగంట తిప్పినా నూనె ఒకవైపు, నీళ్లు ఒకవైపు. ఆ నీళ్లు మరీ పల్చన. జిగురుగా సాగేదాకా మరిగించి సగం చెయ్యాలి, లేదా టిన్నులో వచ్చే శనగల నీళ్లు వాడాలి. రెండోసారి టిన్ను నీళ్లు పావుకప్పు, ఆవముద్ద ఒక చెంచా, వెనిగర్ ఒక చెంచా వేసి, పొడుగాటి గ్లాసులో హ్యాండ్ బ్లెండర్ పెట్టి, సన్నటి ధారగా ముప్పావు కప్పు సన్‌ఫ్లవర్ నూనె పోశాను. నిమిషంన్నరలో తెల్లగా, చిక్కగా మయొనీస్. మా ఆయన తనే గుడ్డు పెట్టినంత గర్వంగా చూశాడు. రుచి? ఏమీ లేదు. నూనె, పులుపు, అంతే. పెద్దావిడ మర్యాదగా మంచినీళ్లడిగింది. గంటసేపు వంటిల్లు పీకి పందిరేసి చేస్తే, వచ్చింది సీసాలో దొరికే వీగన్ మయో కంటే ఒక మెట్టు కింద. సైన్సు సరదా ఉన్నవాళ్లు పిల్లలతో ఒకసారి చేసి చూడండి.

ఇక ఏడోది నాకే ఆశ్చర్యం కలిగించింది. పూర్తి కొవ్వున్న పాల పెరుగుని పల్చటి బట్టలో కట్టి, ఫ్రిజ్‌లో మూడు గంటలు వేలాడదీశాను. దాంట్లో ఆవ పెట్టాను. గోదావరి వైపు పనసపొట్టు కూరకీ, మా వైపు అరటికాయకీ పెడతామే, ఆ ఆవ. ఆవాలు, ఒక పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పు వేసి చన్నీళ్లతో నూరాలి. వేణ్ణీళ్లు తగిలితే ఘాటు చస్తుంది. ఆవాలు నలిగి చన్నీళ్లు తగిలాకే ముక్కుకెక్కే ఆ ఘాటు పుడుతుంది, వేడి దాన్ని పుట్టనివ్వదు. కప్పు పెరుగుకి చెంచాడు ఆవ, ఒక చెంచా యాపిల్ సైడర్ వెనిగర్, చెంచాడు చక్కెర. అసలు కిటుకు చివర్లో ఉంది. రెండు పెద్ద చెంచాల నూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ గిలకొట్టాలి. గ్రీక్ యోగర్ట్‌కి లేనిది ఇదే. కోల్‌స్లాకి కావాల్సింది నూనె, పెరుగు కాదు. ఆవముద్ద కూడా నూనెని పట్టుకుని ఉంచుతుంది, కాబట్టి విరగదు. సుద్ద పోయి పట్టులా వచ్చింది. పెద్దావిడ రెండోసారి వడ్డించుకుంది. "సౌత్ కరొలైనావాళ్లు బార్బెక్యూ సాసులో ఆవాలు వేస్తారు, వాళ్లు చేసినట్టుంది" అంది. ఆవిడ నార్త్ మనిషి కాబట్టి అది మెచ్చుకోలో దెప్పుపొడుపో నాకు తెలియలేదు గానీ గిన్నె ఖాళీ అయింది. అత్తయ్య ఏమీ అనకుండా అన్నంలో కలుపుకున్నారు.

అయితే జులైలో కేరీ ఎండ. 32 డిగ్రీలు దాటితే పాడయ్యే తిండి గంట కంటే ఎక్కువ బయట ఉంచొద్దని ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్తుంది, మామూలు రోజుల్లో రెండు గంటలు. పెరుగు డ్రెస్సింగ్‌కి అది వర్తిస్తుంది. మా వీధి విందు మధ్యాహ్నం రెండింటికి మొదలై చీకటి పడి బాణాసంచా కాల్చేదాకా సాగుతుంది. పిక్నిక్‌లో కడుపు చెడితే అందరూ మయొనీస్‌నే అంటారు గానీ, సీసాలో వచ్చేది పుల్లటిది, అంత తేలిగ్గా చెడదు. దాంట్లో కలిపిన కోడిమాంసమో ఆలుగడ్డలో ముందు చెడతాయి. పెరుగుకి మాత్రం నేను పూచీ ఉండలేను.

ఇలా కాదని జూన్‌లో ఒక శనివారం మా ఆయన ఆఫీసు స్నేహితుడి వెంట లెక్సింగ్టన్ వెళ్లాం. కేరీ నుంచి గంటన్నర పైనే. బార్బెక్యూకి పేరున్న ఊరు, 1984 నుంచి ఏటా అక్టోబరులో దాని కోసం పండగే చేస్తారు. పంది మాంసం మా ఇంట్లో ఎవరం తినం. మేం వెళ్లింది పక్కన పెట్టే ఎర్ర స్లా కోసం. అక్కడి కోల్‌స్లాలో మయొనీస్ చుక్క ఉండదు. వెనిగర్, కెచప్, చక్కెర, ఉప్పు, మిరియాలు, మిరపకాయ తునకలు. క్యాబేజీని పోగుల్లా తరగరు, చింతగింజంత ముక్కలుగా నరుకుతారు. కాగితపు తట్టలో వచ్చింది, కాస్త ఎర్రగా, మెరుస్తూ. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే పులుపు, దాని వెనక తీపి, ఆ వెనక కారం. మా ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇంత దూరం వచ్చి ఊరగాయ తింటున్నాం.

ఇంటికొచ్చి ఎనిమిదో గిన్నె చేశాను. రెండు పౌన్ల గడ్డ నరికి, ఉప్పు పట్టించి, పిండాను. కెచప్, యాపిల్ సైడర్ వెనిగర్ చెరో మూడో వంతు కప్పు, చక్కెర రెండు పెద్ద చెంచాలు, మిరియాలు దండిగా, మిరప తునకలు చెంచాడు. వెనిగర్, చక్కెర కాస్త వెచ్చబెట్టి కరిగించి, చల్లారాక కెచప్ కలిపి పోశాను. కలిపిన వెంటనే తింటే వెనిగర్ ముక్కుకి తగిలింది. నాలుగు గంటలకి సర్దుకుంది. మర్నాటికి బ్రహ్మాండం. మిగతా ఏడూ నిలవుంటే దిగజారాయి, ఒక్క తహీనీది తప్ప. ఇది నిలవుంటే ఎదిగింది. బన్ను పరీక్షలో మాత్రం బొటాబొటి. చెంచాతో గిన్నె అంచుకి నొక్కి వడకట్టి వేస్తే పాసు, బద్ధకిస్తే ఫెయిలు. పిల్లలకి కారం ఎక్కువైంది.

మరి ఇది మయొనీస్‌కి ప్రత్యామ్నాయమేనా? పెద్దావిడతో దీని మీద చిన్న వాదన జరిగింది. ఆవిడ లెక్కలో కోల్‌స్లా తెల్లగా ఉండాలి, ఎర్రది లెక్సింగ్టన్ వాళ్ల పిచ్చి. నా లెక్క వేరు. మయొనీస్‌లా నటించే వాటిని వరసగా ఏడింటిని చూశాక, నటించనిదే నాకు హాయిగా అనిపించింది. మార్కులు వేయమంటే ఎర్రదానికి పదికి తొమ్మిది, ఆవ పెట్టిన పెరుగుకి ఎనిమిదిన్నర, తహీనీకి ఎనిమిది, మంచి వీగన్ మయోకి ఏడు, సోర్ క్రీమ్‌కి ఆరు. మిగతావి వదిలేద్దాం.

ఈ జులై 4న రెండు గిన్నెలు పట్టుకెళ్లాను. పెద్దది ఎర్రది. చిన్నది పిల్లల కోసం వీగన్ మయోది. రెండూ ఐసు పళ్లెంలోనే పెట్టాను. మూతల మీద గుడ్డు లేదు, నువ్వులు లేవు అని మా పెద్దవాడి చేతే రాయించి అంటించాను. వాడికి ఆ మాత్రం శిక్ష పడాలి. ఎర్రదాంట్లో గుప్పెడు మిగిలింది, చిన్నది పూర్తిగా అయిపోయింది. అంటే జనం ఓటు నా మార్కులతో కలవలేదన్నమాట.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటింట్లోంచి ఇంగువ వాసన. అత్తయ్య ఆ మిగిలిన ఎర్ర కోల్‌స్లాకి ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, మెంతిపిండి కాస్త చల్లి, వేడన్నంలోకి సిద్ధం చేశారు. "నిన్న బాగానే ఉందే గానీ, పోపు లేక బోసిగా ఉంది" అన్నారు. ఇద్దరం నించునే తిన్నాం. ఈ సంగతి పక్కింటి పెద్దావిడకి నేనింకా చెప్పలేదు.